పాసుపుస్తకం వెంట నడిచే పెట్టుబడి సాయం: నగర శివారు భూములు చెబుతున్న పాఠం

హైదరాబాద్ తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్ దాటి విజయవాడ జాతీయ రహదారిపై సాగితే పెద్ద అంబర్‌పేట్ వస్తుంది. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ఇక్కడే జాతీయ రహదారిని కలుస్తుంది. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో హయత్‌నగర్ మండలం నుంచి విడివడి ఏర్పడిన అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో, రంగారెడ్డి జిల్లా పరిధిలో ఈ ఊరు ఉంది. ఒకనాటి గ్రామ పంచాయతీ పురపాలక సంఘమైంది. రహదారికి ఇరువైపులా గోదాములు, విద్యాసంస్థలు, ఇళ్ల వెంచర్లు వెలిశాయి. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ సైతం ఇదే మండలంలోని బాటసింగారానికి తరలివచ్చింది. అయినా వ్యవసాయం పూర్తిగా కనుమరుగు కాలేదు. వెంచర్ల మధ్య మిగిలిన మళ్లలో ఆకుకూరలు, కూరగాయలు పండుతున్నాయి. మండలానికి ఉత్తరాన మూసీ నీరు పారే గ్రామాల్లో వరి, పశుగ్రాసం సాగవుతున్నాయి.

ఇటువంటి ప్రాంతంలో ఎకరా లెక్కన నగదు రూపంలో అందే పంట పెట్టుబడి సాయం ఎవరికి చేరుతుంది? భూమి ఎవరి పేరున ఉందో వారికా, సేద్యం ఎవరు చేస్తున్నారో వారికా? మారుమూల గ్రామాల్లో ఈ రెండు పాత్రలు చాలా సందర్భాల్లో ఒకే వ్యక్తిలో కలిసి ఉంటాయి కనుక ప్రశ్న అంత తీవ్రంగా కనిపించదు. నగర శివారులో ఆ రెండూ విడిపోయి కనిపిస్తాయి. అందుకే పథకం నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద అంబర్‌పేట్ వంటి చోటు అనువైనది.

పథకం రూపకల్పన, పరిణామం

తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు పథకాన్ని 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ ప్రాంతంలో ప్రారంభించింది. 2018-19 బడ్జెట్‌లో ఇందుకు రూ. 12,000 కోట్లు కేటాయించారు. తొలి ఏడాది ఎకరాకు వానాకాలంలో రూ. 4,000, యాసంగిలో రూ. 4,000 చొప్పున నిర్ణయించారు. 2019 వానాకాలం నుంచి దీనిని సీజనుకు రూ. 5,000కు పెంచారు. మొదటి విడత చెక్కుల రూపంలో గ్రామసభల్లో అందింది. తరువాతి విడతల నుంచి నేరుగా బ్యాంకు ఖాతాల్లో జమ అవుతోంది. విస్తీర్ణంపై గరిష్ఠ పరిమితి విధించలేదు. కౌలుదారులను పరిధిలోకి తీసుకోలేదు.

ఈ చెల్లింపులకు పునాది భూరికార్డు. 2017 సెప్టెంబర్ 15న మొదలై ఆ ఏడాది చివరి వరకు సాగిన భూరికార్డుల ప్రక్షాళనలో ఖాతాలను సరిచూసి, కొత్త పట్టాదారు పాసుపుస్తకాలు ముద్రించారు. 2020లో కొత్త పట్టాదారు పాసుపుస్తకాల చట్టం వచ్చింది. అదే సంవత్సరం అక్టోబర్ 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. పాత పహాణీలో పట్టాదారు పేరుతోపాటు ఆ సంవత్సరం భూమి ఎవరి అనుభవంలో ఉందో చూపే గడి ఉండేది. ధరణి రికార్డులో ఆ గడి లేకుండా పోయింది. పోర్టల్‌లోని ఖాతాయే పెట్టుబడి సాయానికి జాబితాగా మారింది.

పాసుపుస్తకం విలువ దీనితో ఒక్కసారిగా పెరిగింది. అంతవరకు అది యాజమాన్యానికి, బ్యాంకు రుణానికి ఆధారంగా ఉండేది. ఆ తరువాత ఏటా నగదు తెచ్చే పత్రమైంది. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా కూడా దీనికే ముడిపడింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసు గల పట్టాదారు ఏ కారణంతో మరణించినా కుటుంబానికి రూ. 5 లక్షలు అందించే పథకమిది. రికార్డులో పేరు లేకపోవడం అంటే ఈ రెండింటినీ కోల్పోవడమే. భూరికార్డుల వివాదాలు ఎంత తీవ్రరూపం దాల్చగలవో అబ్దుల్లాపూర్‌మెట్ విషాదకరంగా చూసింది. 2019 నవంబర్ 4న ఒక భూవివాదం నేపథ్యంలో ఇక్కడి తహసీల్దారు తన కార్యాలయంలోనే దహనానికి గురై ప్రాణాలు కోల్పోయారు.

సాయం దేని వెంట వెళుతుంది?

వ్యవసాయ సహాయ పథకాలను పరిశీలించేటప్పుడు విద్యార్థులు మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది. ఎరువుల సబ్సిడీ బస్తా వెంట వెళుతుంది. 45 కిలోల యూరియా బస్తాను రూ. 266.50కు కొన్న వ్యక్తి పట్టాదారైనా, కౌలుదారైనా సబ్సిడీ అందుతుంది. కనీస మద్దతు ధర పంట వెంట వెళుతుంది. ఉచిత విద్యుత్తు బోరుబావి వెంట వెళుతుంది. ఆ నీటితో సాగు చేసేవారు ఎవరైనా దాని ఫలం కొంత అనుభవిస్తారు. వీటిలో లోపాలు లేకపోలేదు. అధిక ఎరువుల వాడకానికి, భూగర్భజలాల క్షీణతకు ఇవి దారితీస్తాయన్న విమర్శ బలమైనదే. కానీ సాగు జరిగితేనే ఇవి అందుతాయి.

ఎకరా లెక్కన ఇచ్చే నగదు సాయం వీటికి భిన్నం. ఏ పంట వేశారు, ఎంత పండించారు, అసలు వేశారా లేదా అన్న అంశాలతో దానికి సంబంధం లేదు. ఆర్థిక శాస్త్రంలో దీనిని ఉత్పత్తితో ముడిపడని సాయం అంటారు. ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందం ఇటువంటి సాయాన్ని, నిర్ణీత షరతులకు లోబడి, మార్కెట్‌ను వక్రీకరించని కోవలో చేర్చి పరిమితుల నుంచి మినహాయిస్తుంది. పాలనాపరంగానూ ఇది సులభం. దళారీ ఉండడు, కొనుగోలు రశీదు అవసరం లేదు, విత్తే సమయానికి చేతిలో నగదు ఉంటుంది. రైతు తనకు నచ్చిన పంటను ఎంచుకోవచ్చు. వడ్డీవ్యాపారిని ఆశ్రయించవలసిన అవసరం కొంత తగ్గుతుంది.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో కమతాల సంఖ్య సుమారు 59.5 లక్షలు, సగటు కమతం ఒక హెక్టారు. కమతాల్లో సుమారు 88 శాతం రెండు హెక్టార్ల లోపువే. కనుక సాయం పొందినవారిలో అత్యధికులు చిన్న, సన్నకారు రైతులే. మెట్ట భూమిలో రెండెకరాల పత్తి వేసే కుటుంబానికి సీజను ఆరంభంలో అందే మొత్తం విత్తనాలు, దుక్కి ఖర్చుకు ఆసరా అవుతుంది. ఈ ప్రయోజనాన్ని తక్కువ చేసి చూడరాదు.

సమస్య అదే సూత్రానికి రెండో వైపున ఉంది. సాయం భూమికి ముడిపడినందువల్ల భూమి ఎక్కువ ఉన్నవారికి సాయమూ ఎక్కువ. ఏడాదికి ఎకరాకు రూ. 12,000 చొప్పున లెక్కిస్తే రెండెకరాల పట్టాదారుకు రూ. 24,000, ఇరవై ఎకరాల పట్టాదారుకు రూ. 2,40,000 వస్తాయి. ఐదెకరాలు కౌలుకు చేసే వ్యక్తికి ఏమీ రాదు. అతడు సేద్యం చేసిన ఐదెకరాలపై వచ్చే రూ. 60,000 భూయజమాని ఖాతాలో పడుతుంది. విత్తనం, ఎరువు, కూలి, కౌలు ఖర్చులన్నీ కౌలుదారువే. వర్షాభావం వస్తే నష్టమూ అతనిదే. సాయం పేరు పంట పెట్టుబడి. పంటకు పెట్టుబడి పెట్టిన వ్యక్తికి మాత్రం అది చేరదు.

నగర శివారు భూమి స్వభావం

గ్రామీణ ప్రాంతంలో ఎకరా, గుంటలు కొలమానం. 40 గుంటలు ఒక ఎకరా, 121 చదరపు గజాలు ఒక గుంట. శివారులో లావాదేవీలు గజాల్లో సాగుతాయి. 200 గజాల ఇంటి స్థలం అంటే 1.65 గుంటలు. అదే నేల సేద్యపు లెక్కలో ఏడాదికి గుంటకు రూ. 300 పెట్టుబడి సాయం తెచ్చే వనరు, స్థిరాస్తి లెక్కలో లక్షల విలువైన స్థలం. ఉదాహరణకు ఎకరా విలువ కోటి రూపాయలు అనుకుంటే రూ. 12,000 అందులో 0.12 శాతం మాత్రమే. భూమిని సాగులో నిలిపి ఉంచే శక్తి ఈ సాయానికి ఇక్కడ లేదని ఈ నిష్పత్తి చూపుతుంది. మెట్ట ప్రాంతపు రైతుకు ఆసరాగా నిలిచే మొత్తం, శివారులో ధర పెరుగుదల కోసం వేచి ఉన్న యజమానికి అదనపు రాబడి మాత్రమే అవుతుంది.

వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు వాడాలంటే 2006 నాటి వ్యవసాయేతర మార్పిడి చట్టం ప్రకారం రుసుము చెల్లించి, అనుమతి పొంది, రికార్డులో మార్పు చేయించాలి. ఈ ప్రక్రియ పూర్తయితే ఆ సర్వే నంబరు వ్యవసాయ ఖాతా నుంచి తొలగుతుంది. మార్పిడి లేకుండానే నేలపై రాళ్లు పాతి, మట్టి రోడ్లు వేసిన చోట రికార్డులో భూమి వ్యవసాయ భూమిగానే కొనసాగుతుంది. చుట్టూ ప్రహరీ కట్టి బీడుగా ఉంచిన భూమి పరిస్థితీ అంతే. అక్కడ మోసం జరగకపోయినా చెల్లింపు ఆగదు. రికార్డు చెప్పినదాన్నే పథకం అనుసరిస్తుంది.

సాగులో ఉన్న భూమి సంగతి మరో తీరు. అమ్మకానికి ఎదురుచూసే యజమాని దానిని ఒక సీజనుకో, ఒక ఏడాదికో నోటిమాటపై కౌలుకిస్తాడు. గడువు అనిశ్చితం కనుక కౌలుదారు బిందుసేద్యం, పందిళ్లు, నేల సారం పెంచే పనులపై పెట్టుబడి పెట్టలేడు. త్వరగా చేతికొచ్చే ఆకుకూరలు, పశుగ్రాసం వంటి వాటికే పరిమితమవుతాడు. నగరానికి రోజూ తాజా కూరగాయలు అందించే సాగుదారుల్లో ఇటువంటివారు రికార్డుకు కనిపించకుండా ఉండిపోతారు.

కౌలుదారు ఎందుకు కనిపించడు?

ఇందుకు చారిత్రక కారణం ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. అందులోని 38-ఇ విభాగం వారికి యాజమాన్య హక్కు సంక్రమించే వీలు కల్పించింది. భూసంస్కరణల చరిత్రలో ఇది ముఖ్యమైన ఘట్టం. దాని పర్యవసానంగా, కౌలుదారు పేరు కాగితంపైకి ఎక్కితే భూమి చేజారుతుందన్న భయం యజమానుల్లో తరతరాలుగా నాటుకుంది. ధరలు పెరిగిన నగర పరిసరాల్లో ఆ భయం మరింత బలపడింది. అందువల్ల రాతపూర్వక కౌలు అరుదైంది.

ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన భూఅధీకృత సాగుదారుల చట్టం ఈ భయాన్ని తొలగించే ప్రయత్నం చేసింది. యాజమాన్య హక్కుకు ఎటువంటి భంగం కలగకుండా కౌలుదారుకు ఏడాదిపాటు చెల్లే రుణ అర్హత కార్డు ఇవ్వాలని నిర్దేశించింది. విభజన తరువాత ఈ చట్టం తెలంగాణకు సంక్రమించినా అమలు నామమాత్రంగా మిగిలింది. రైతు స్వరాజ్య వేదిక 2022లో తెలంగాణలో జరిపిన సర్వేలో సాగుదారుల్లో మూడో వంతుకు పైగా కౌలుదారులని తేలింది. ఇంత పెద్ద సమూహం రికార్డుకు బయట ఉన్నప్పుడు రికార్డుపై ఆధారపడిన పథకం సాగుదారునికి చేరుతుందని భావించడం కష్టం.

ఇతర ప్రాంతాల అనుభవం

ఈ చిక్కు తెలంగాణకే ప్రత్యేకం కాదు. అమెరికాలో 1996 వ్యవసాయ చట్టం పూర్వపు పంట విస్తీర్ణం ఆధారంగా, ప్రస్తుత సాగుతో నిమిత్తం లేని చెల్లింపులను ప్రవేశపెట్టింది. 2002 చట్టం వాటిని ప్రత్యక్ష చెల్లింపుల పేరుతో కొనసాగించింది. టెక్సాస్‌లో ఒకప్పుడు వరి పండిన భూములు ఇళ్ల స్థలాలుగా మారిన తరువాత కూడా అక్కడి ఇంటి యజమానులకు ప్రభుత్వ సొమ్ము అందుతున్న వైనాన్ని 2006లో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక వెలుగులోకి తెచ్చింది. సేద్యం చేయని వారికి 2000వ సంవత్సరం నుంచి 130 కోట్ల డాలర్లు చేరాయని ఆ పత్రిక లెక్కగట్టింది. చివరకు 2014 చట్టం ప్రత్యక్ష చెల్లింపులను రద్దు చేసింది. ఐరోపా సమాఖ్య 2013 సంస్కరణలో క్రియాశీల రైతు అన్న నిర్వచనాన్ని తెచ్చి, సేద్యంతో సంబంధం లేని సంస్థలను పక్కన పెట్టేందుకు ప్రయత్నించింది.

దేశంలో ఒడిశా 2018 చివర ప్రకటించిన కాలియా పథకంలో చిన్న, సన్నకారు రైతులతోపాటు భాగస్వామ్య సాగుదారులను, భూమిలేని వ్యవసాయ కుటుంబాలను చేర్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేసి, 11 నెలల ఒప్పందంతో సాగు హక్కు పత్రం ఇచ్చే విధానాన్ని తెచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 15న ప్రారంభమైన అక్కడి రైతు భరోసాలో సొంత భూమి లేని షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీ కౌలుదారులకు చోటు కల్పించింది. ఈ పత్రానికి యజమాని సంతకం అవసరం కావడంతో, భయం ఉన్నచోట సంతకం లభించక చాలామంది వెలుపలే ఉండిపోయారు. కౌలుదారును చేర్చాలన్న సంకల్పం ఒక్కటే సరిపోదని, గుర్తింపు పద్ధతి యజమాని అంగీకారంపై పూర్తిగా ఆధారపడితే ఫలితం పరిమితమవుతుందని ఈ అనుభవం తెలుపుతోంది.

కేంద్రం 2018 డిసెంబర్ నుంచి వర్తింపజేసిన పీఎం కిసాన్‌లో కుటుంబానికి ఏడాదికి రూ. 6,000 మూడు విడతల్లో అందుతుంది. ఇక్కడ మొత్తం స్థిరం, విస్తీర్ణంతో పెరగదు. ఆదాయపు పన్ను చెల్లించినవారు అనర్హులు. పట్టణ పరిధిలోని భూమికి కూడా, అది వాస్తవంగా సాగులో ఉంటే, అర్హత ఉంది. పెద్ద అంబర్‌పేట్ వంటి పురపాలక ప్రాంతాలకు ఈ నిబంధన ముఖ్యమైనది. అయితే ఇక్కడా ఆధారం భూయాజమాన్యమే కావడంతో కౌలుదారు ఈ పథకానికీ దూరమే.

2025 మార్పు: తీరినది, మిగిలినది

2024 వానాకాలంలో తెలంగాణలో పెట్టుబడి సాయం అందలేదు. 2025 జనవరిలో ప్రభుత్వం రైతు భరోసా మార్గదర్శకాలు జారీ చేసి, జనవరి 26న పథకాన్ని ప్రారంభించింది. ఎకరాకు ఏడాదికి రూ. 12,000, అంటే సీజనుకు రూ. 6,000. వ్యవసాయ యోగ్యమైన భూమికే చెల్లింపు అన్నది ప్రధానమైన మార్పు. ఇళ్ల వెంచర్లు, రోడ్లు, పరిశ్రమలు, గనులు, గోదాములుగా మారిన భూములను గుర్తించి తొలగించేందుకు రెవెన్యూ, వ్యవసాయ సిబ్బంది ఆ నెలలోనే క్షేత్ర పరిశీలన జరిపారు. అటవీ హక్కుల పట్టాదారులను అర్హులుగా కొనసాగించారు. భూమిలేని ఉపాధి హామీ కూలీ కుటుంబాలకు ఏడాదికి రూ. 12,000 అందించేందుకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పేరుతో వేరే పథకం ప్రకటించారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది.

శివారు ప్రాంతానికి ఈ మార్పు నేరుగా వర్తిస్తుంది. ప్లాట్లుగా మారిన భూమికి చెల్లింపు ఆపడం సూత్రరీత్యా సమంజసం. అయితే వ్యవసాయ యోగ్యం, సాగులో ఉన్నది అన్న రెండు మాటలు ఒకటి కావు. ప్రహరీ లోపల బీడుగా ఉన్న నల్లరేగడి వ్యవసాయ యోగ్యమే, సాగులో మాత్రం లేదు. విస్తీర్ణ పరిమితి ఇప్పటికీ లేదు. సాగు చేసేది ఎవరన్న ప్రశ్న జాబితాలోకి ఇంకా రాలేదు. ఆత్మీయ భరోసా భూమిలేని కూలీని ఉద్దేశించినది. అరెకరా సొంత భూమి ఉండి నాలుగెకరాలు కౌలుకు చేసేవారికి అది అందదు. వారికి ఆ అరెకరాపైనే భరోసా వస్తుంది.

కాబట్టి అర్హతను మూడు విడి ప్రశ్నలుగా చూడాలి: భూమి ఎవరిది? అది సేద్యానికి పనికివస్తుందా? ఈ సీజనులో దానిని సాగు చేస్తున్నది ఎవరు? రైతుబంధు మొదటి ప్రశ్నకే జవాబు అడిగింది. రైతు భరోసా రెండోదాన్నీ చేర్చింది. మూడోది మిగిలి ఉంది.

విస్తరణ విభాగం చేయగలిగినది

మూడో ప్రశ్నకు జవాబు రెవెన్యూ రికార్డులో లేకపోయినా గ్రామంలో ఉంది. రాష్ట్రంలో సుమారు ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టరు చొప్పున 2,601 రైతు వేదికలు ఉన్నాయి. క్లస్టరుకు బాధ్యుడైన వ్యవసాయ విస్తరణ అధికారి ప్రతి సీజనులో సర్వే నంబరు వారీగా పంటలు నమోదు చేస్తాడు. పొలంలో నిలబడి ఉన్న వ్యక్తి ఎవరో అతనికి తెలుసు. పంట నమోదులో పంట పేరు, విస్తీర్ణంతోపాటు సాగుదారు పేరును వేరుగా చేర్చితే, యాజమాన్యంతో సంబంధం లేని సాగు రికార్డు ఒకటి రూపుదిద్దుకుంటుంది. అది ఆ సీజను వరకే చెల్లుతుందని, కౌలు హక్కుకు గాని యాజమాన్య వివాదానికి గాని సాక్ష్యంగా చెల్లదని చట్టంలోనే స్పష్టం చేయాలి. యజమాని భయాన్ని తగ్గించే మార్గం అదే.

నమోదు నాణ్యతే దీనికి ప్రాణం. ఒకే అధికారి వేల సర్వే నంబర్లను స్వయంగా తిరిగి చూడటం కష్టం. శివారు క్లస్టర్లలో ఒక్కో సర్వే నంబరు అనేక ఉపవిభాగాలుగా చీలి ఉండటంతో పని మరింత పెరుగుతుంది. ఉపగ్రహ చిత్రాలు పచ్చదనాన్ని చూపగలవు, బీడును గుర్తించగలవు. సాగుదారు ఎవరో చెప్పలేవు. చిత్రం ఆధారంగా బీడు భూములను ముందే వేరు చేసి, మిగిలిన వాటిలో మాత్రమే క్షేత్ర విచారణ జరిపితే సిబ్బంది సమయం ఆదా అవుతుంది. నమోదైన వివరాలను రైతు వేదికలో ప్రదర్శించి, అభ్యంతరాలు స్వీకరించి, ఆ తరువాతే ఖరారు చేయాలి.

మరో జాగ్రత్త అవసరం. సాయం కౌలుదారుకు నేరుగా అందినా, మరుసటి ఏడాది యజమాని ఆ మేరకు కౌలు పెంచవచ్చు. భూమికి కొరత ఉన్నచోట భూమిపై వచ్చే ఏ రాబడి అయినా క్రమంగా కౌలు రూపంలో యజమాని వైపు జరుగుతుందన్నది రికార్డో కాలం నుంచి తెలిసిన సూత్రం. కనుక పరిశోధక విద్యార్థులు సాయం ఎంత అందిందని మాత్రమే కాక, పథకానికి ముందూ తరువాతా కౌలు రేట్లు ఎలా మారాయో కూడా నమోదు చేయాలి. శివారు, నీటిపారుదల, మెట్ట ప్రాంతాల నుంచి ఒక్కో క్లస్టరును ఎంచుకుని వరుసగా కొన్ని సీజన్లు పరిశీలిస్తే విధానకర్తలకు ఉపయోగపడే ఆధారం లభిస్తుంది.

ముగింపు

ఎకరా లెక్కన నగదు సాయం సరళమైనది, వేగవంతమైనది, చిన్న పట్టాదారుకు మేలు చేసినది. దాని బలహీనత కూడా ఆ సరళత్వంలోనే ఉంది. రికార్డు ఎంత నిజమో సాయం అంతే నిజం. 2025 మార్పు రికార్డు నుంచి రాళ్లు పాతిన భూమిని తొలగించడం మొదలుపెట్టింది. పక్క మడిలో కొత్తిమీర కోసి తెల్లవారకముందే మార్కెట్‌కు చేరవేసే కౌలుదారు పేరును రికార్డులోకి తేవడం తరువాతి పని. ఆ పేరును సరిగ్గా నమోదు చేయగలిగిన యంత్రాంగం విస్తరణ విభాగం వద్దనే ఉంది. దానికి చట్టబద్ధమైన గుర్తింపు, సరిపడా సిబ్బంది కల్పించినప్పుడే పెట్టుబడి సాయం పెట్టుబడి పెట్టిన చేతికి చేరుతుంది.